పెనుకొండ ఎలుగుబంట్ల లెక్క

పీహెచ్‌డీ పూర్తయి పోస్ట్‌డాక్‌గా చేరబోతున్నానని ధర్మవరంలో మా నాయనకు చెప్పినప్పుడు, ఆయన మగ్గం మీద నుంచి లేవకుండానే అడిగాడు: "డాక్టరయితివి గదా, మళ్ళీ ఈ పోస్టు డాక్టరు ఏంది? పోస్టాఫీసులో యేమన్నా పనా?"

నేను నవ్వాను. ఇప్పుడు రిటైరై హిందూపురంలో ఉంటున్నాను. గణాంకశాస్త్రం చదివి జంతువుల మీద, అడవుల మీద పని చేయాలనుకునే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వాళ్ళూ తిప్పితిప్పి అదే ప్రశ్న అడుగుతారు. పోస్ట్‌డాక్ అంటే ఏమిటి, అందులో నిజంగా ఏం చేస్తారు అని. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

పోస్ట్‌డాక్ అంటే చదువు అయిపోయి, ఉద్యోగం ఇంకా రాని మనిషి. విద్యార్థి అందామంటే పరీక్షలు లేవు. ఉద్యోగి అందామంటే వచ్చే ఏడాది ఉంటాడో లేదో తెలియదు. పరిశోధన సంస్థల్లో అసలు పని ఎక్కువ భాగం నడిచేది మాత్రం వీళ్ళ చేతుల మీదే. కొత్త ఆలోచన వీళ్ళదే అవుతుంది, కంప్యూటర్ ముందు కూర్చుని దాన్ని నిలబెట్టేదీ వీళ్ళే. పేరు దగ్గరికి వచ్చేసరికి పెద్దవాళ్ళు ముందుకు వస్తారు. ఇందులో దాచడానికేమీ లేదు. తెలిసి వస్తే బాధ తక్కువ.

నేను పోస్ట్‌డాక్‌గా ఉన్నప్పుడు మా సార్ మొదటి కొన్ని నెలలు నన్ను కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు. సమీకరణాలు రాయడానికి వచ్చిన నన్ను ముళ్ళకంపల్లో తిప్పాడు. ఆయన మీద కోపంతో ఉద్యోగం మానేద్దామనుకున్నాను. మానకపోవడం మంచిదైంది. అంకె ఎక్కడ పుడుతుందో కళ్ళతో చూసినవాళ్ళకు, అది ఎక్కడ అబద్ధం చెప్పగలదో కూడా తెలుస్తుంది. నా దగ్గర చేరినవాళ్ళందరినీ నేనూ అలాగే తిప్పాను. వాళ్ళూ తిట్టుకునే ఉంటారు.

ఉద్యోగకాలంలో చాలా పనులు చేశాను. వాటిలో ఎక్కువ భాగం మీకు చెప్పాల్సినంతవి కావు. ఒక్కటి మాత్రం పూర్తిగా చెబుతాను. అది నా చివరి సంవత్సరాల్లో జరిగింది. అందులో ముఖ్యమైన మనిషి నేను కాదు, నా దగ్గర పోస్ట్‌డాక్‌గా చేసిన హరిత.

లెక్క ఎలా కడతారు

హరితది తెనాలి వైపు. లెక్కల్లో గట్టి పిల్ల, మాట తక్కువ. మా సంస్థ బెంగళూరులో ఉండేది. పని మాత్రం పెనుకొండ చుట్టుపక్కల గుట్టల్లో. అందుకని పెనుకొండలో ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాం. వచ్చిన కొత్తలో "యాడికి పోతాండావు పాపా" అని పక్కింటి అవ్వ అడిగితే, హరిత నా మొహం చూసేది. రెండు నెలల్లో తనే "ఈడికే అవ్వా" అనడం నేర్చుకుంది.

మా పని ఆ గుట్టల్లో ఎలుగుబంట్లు ఎన్ని ఉన్నాయో అంచనా కట్టడం. అడవి జంతువుల్ని వరసగా నిలబెట్టి లెక్కపెట్టలేం. దీనికి ఒక పాత ఉపాయం ఉంది. చెన్నేకొత్తపల్లి దగ్గర పెద్ద మంద ఒకటి చెదిరిపోయిందనుకోండి. కొన్ని గొర్రెల్ని పట్టుకుని రంగు పూసి వదులుతారు. మళ్ళీ ఇంకోసారి కొన్నింటిని పడతారు. పట్టినవాటిలో రంగు గొర్రెలే ఎక్కువగా ఉంటే మంద చిన్నదని అర్థం. రంగు లేనివే ఎక్కువగా వస్తే మంద పెద్దది. మిగతాదంతా ఈ ఆలోచనకు తొడిగిన గణితమే.

ఎలుగుబంటికి రంగు పూయనక్కర్లేదు. దాని రొమ్ము మీద తెల్లటి మచ్చ ఉంటుంది, ఒక్కోదానికి ఒక్కో తీరులో. గుట్ట మీద, ఊళ్ళకు దూరంగా, తేనె రాసిన గుడ్డను ఎత్తుగా కట్టి, ఎదురుగా చెట్టుకు కెమెరా బిగించేవాళ్ళం. జంతువు కదిలితే కెమెరా తనంతట తనే ఫోటో తీస్తుంది. గుడ్డ అందుకోవడానికి ఎలుగుబంటి నిలబడగానే మచ్చ కనిపిస్తుంది. ఫోటోల్ని పక్కపక్కన పెట్టుకుని ఏది ఏదో పోల్చాలి. చేసేవాళ్ళకు కళ్ళు పోతాయి. హరిత విసుగు లేకుండా చేసింది.

గుట్ట కింద, పొలాలకు పోయే దారుల్లో కూడా కొన్ని కెమెరాలు పెట్టాం. అక్కడ గుడ్డ లేదు, తేనె లేదు. ఏ జంతువు ఏ వేళ నడుస్తుందో తెలుసుకోవడానికి మాత్రమే.

రామక్క

పని మొదలుపెట్టిన కొన్నేళ్ళకు గుట్ట కింది ఒక పల్లెలో రామక్క అనే రైతు మీద ఎలుగుబంటి పడింది. ఊరి పేరు రాయను. రామక్కకు పట్టుపురుగుల కోసం వేసిన మల్బరీ తోట ఉంది. తెల్లవారకముందే తోటకు నీళ్ళు కట్టడానికి పోయింది. ఎలుగుబంటి మొహం మీద కొట్టింది. ప్రాణం దక్కింది, ఒక కన్ను పోయింది. అంతకుముందు అదే ఏడాది ఆ చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు ఇలాగే దెబ్బలు తిన్నారు.

ఊళ్ళో కోపం మామూలుగా లేదు. వేరే అడవుల నుంచి ఎలుగొడ్లను తెచ్చి ఈ గుట్టల్లో వదిలారని అందరూ నమ్మారు. ఫోన్లలో వీడియోలు తిరిగాయి. ఎలుగుబంట్లు విపరీతంగా పెరిగిపోయాయని పేపర్లు రాశాయి. వాటిని పట్టి తీసుకుపోవాలని ఊరివాళ్ళు అటవీ అధికారి ఆఫీసు ముందు కూర్చున్నారు. అధికారి చెడ్డవాడు కాదు. ఇటు జనం, అటు పైవాళ్ళు, మధ్యలో తను. అందుకే మా దగ్గరికి వచ్చాడు. లెక్క చెప్పమన్నాడు.

మా సంస్థ అధిపతికి ఇది మంచి అవకాశంలా కనిపించింది. ఆయన మంచి గణితవేత్తే, కానీ పొలం గట్టు ఎక్కి ఎంతకాలమైందో ఆయనకే గుర్తుండదు. పేపర్లో రాయదగిన ఒక్క అంకె కావాలన్నాడు. పెరిగాయని తేలితే ఇంకా మంచిదన్నట్టు మాట్లాడాడు. హరిత పదవీకాలం ఆ ఏడాది చివరికి అయిపోతుంది. పొడిగించాల్సింది ఆయనే.

హరిత మచ్చలన్నీ మళ్ళీ మొదటి నుంచి పోల్చింది. కింద పొలాల దగ్గర మచ్చ స్పష్టంగా పడిన ఫోటోలన్నీ పాతవాటివే. మేము మొదటి నుంచీ గుట్ట మీద చూస్తున్నవే. కొత్తగా ఎవరూ తెచ్చి వదల్లేదు. సంఖ్య పెరిగిందనడానికి కూడా ఆధారం దొరకలేదు. ఒకే ఎలుగుబంటిని ఊరంతా వీడియో తీస్తే, చూసేవాళ్ళకు అది గుంపులా కనబడుతుంది.

మరి మనుషులు ఎందుకు దెబ్బ తింటున్నారు?

తప్పు గడియారం

జవాబు రాకముందు ఒక తప్పు జరిగింది. ఈ పనిలోకి వచ్చేవాళ్ళు దీన్ని జాగ్రత్తగా చదవండి.

దారుల్లో పెట్టిన కెమెరాల నుంచి హరిత ఒక పటం గీసింది, ఏ వేళ ఎలుగుబంట్లు ఎక్కువగా తిరుగుతున్నాయో చూపించేది. అందులో పట్టపగలు కూడా బాగా తిరుగుతున్నట్టు వచ్చింది. అధిపతి తొందర పెడితే ఆమె దాన్ని ఆయనకు పంపింది. ఆయన వెంటనే ఫోన్ చేసి, ఎలుగుబంట్లకు మనిషంటే భయం పోయిందని అధికారికి చెప్పేశాడు. భయం పోయిన జంతువును పట్టి తరలించడం తప్ప ఏం చేస్తారు? బోను సిద్ధం చేసే మాటలు మొదలయ్యాయి.

హరితకు ఆ పటం మింగుడు పడలేదు. మా వృత్తిలో కెమెరాలో పడిన మనుషుల్ని, గొర్రెల్ని, కుక్కల్ని మొదటే తీసి పక్కన పడేస్తాం. మనకు కావలసింది అడవి జంతువు కాబట్టి. హరిత ఆ పక్కన పడేసిన వాటిని కూడా తెరిచింది. ఒక కెమెరాలో గొర్రెల మంద మేతకు పోతోంది. ఫోటో రంగుల్లో ఉంది, కింద టైము మాత్రం అర్ధరాత్రి. చీకట్లో తీసిన ఫోటోలకు రంగు రాదు. బ్యాటరీలు మార్చినప్పుడు ఆ కెమెరా గడియారం పగలు రాత్రిగా, రాత్రి పగలుగా తిరిగిపోయింది. ఎవరూ చూసుకోలేదు. ఎలుగుబంట్లు పగలు తిరగడం లేదు, గడియారం తిరిగింది.

ఆమె వచ్చి నాకు చెప్పింది. గడియారం దిద్ది కొత్త పటం గీయమన్నాను. గీసింది. గీసేటప్పుడు, తెరిచిన ఫోటోలు ఎలాగూ తెరిచాను కదా అని, మనుషులు నడిచే వేళల్ని కూడా అదే కాగితం మీద ఇంకో గీతగా వేసింది. నా మొత్తం ఉద్యోగంలో నేను చూసిన మంచి ఆలోచనల్లో అదొకటి. జంతువుల శాస్త్రమని పేరు పెట్టుకుని, జంతువును ఎదుర్కొనే మనిషిని మేమందరం ఏళ్ళ తరబడి చెత్తబుట్టలో వేస్తూ వచ్చాం.

ఎలుగుబంట్ల గీత మొదటి ఏడాది నుంచి ఇప్పటిదాకా కదల్లేదు. చీకటి పడ్డాక కిందికి వస్తాయి, వెలుతురు రాకముందే గుహలకు చేరతాయి. కదిలింది మనుషుల గీత. మునుపు సూర్యుడు వచ్చాక మొదలయ్యేది. ఈ ఏడాది చీకట్లోకి జరిగింది. సరిగ్గా ఎలుగుబంట్లు వెనక్కి పోయే వేళకు.

ఎందుకు జరిగిందో తెలుసుకోవడానికి హరితా నేనూ రామక్క ఇంటికి వెళ్ళాం. కట్టు ఇంకా విప్పలేదు. వరండాలో మంచం మీద కూర్చుని ఉంది. వేళలు మారిపోయాయని హరిత కాగితం చూపించి చెప్పింది. రామక్క బోరుబావులకు కరెంటు ఇచ్చే టైము ఈ ఏడాదే మార్చారని చెప్పింది. ఇప్పుడు తెల్లారకముందే వస్తోంది, మధ్యాహ్నానికి ముందే పోతోంది. తనంతట తనే మోటరు ఆడించే పరికరం పెట్టుకోవచ్చు గానీ, పారే నీళ్ళను ఒక మడి నుంచి ఇంకో మడికి తిప్పడానికి మనిషి ఉండాల్సిందే. అందుకే వెళ్ళేవాళ్ళం అంది. ఊరిలో దెబ్బలు తిన్న మిగతావాళ్ళను కూడా హరిత ఒక్కొక్కరినీ కలిసి అడిగింది. అందరూ నీళ్ళ కోసం పోయినవాళ్ళే.

మీటింగు

పెనుకొండలో మీటింగు పెట్టారు. అటవీ అధికారి, మా అధిపతి, నేను, హరిత, రామక్క. ఊరివాళ్ళు గదిలో సరిపోక వరండాలో నిలబడ్డారు. కరెంటు ఆఫీసు నుంచి ఒక ఇంజనీరు రావాలని నేను పట్టుబట్టాను. ఎలుగుబంట్ల మీటింగులో నాకేం పని అన్నట్టే ఆయన వచ్చి వెనక కూర్చున్నాడు.

ముందురోజు అధిపతి హరితను పిలిచి, పాత పటం తప్పని అందరిముందూ చెప్పనక్కర్లేదన్నాడు. కొత్తది చూపిస్తే చాలు, సంస్థ పరువు కూడా చూసుకోవాలన్నాడు. ఆమె వచ్చి, ఏం చేయమంటారని నన్ను అడిగింది. నీ పటం, నీ నిర్ణయం, ఏం చేసినా కింద నా సంతకం ఉంటుంది అన్నాను. పోస్ట్‌డాక్‌కు పెద్దవాళ్ళు ఇవ్వగలిగింది నిజానికి అంతే. అది కూడా ఇవ్వనివాళ్ళ దగ్గర చేరకండి.

మీటింగులో హరిత లేచి మొదట చెప్పిన మాటే అది. పగలు తిరుగుతున్నాయని మేము ఇచ్చిన సమాచారం తప్పు, కెమెరా గడియారం తప్పు, చూసుకోవాల్సింది నేను అంది. అధిపతి బల్ల మీద చూపు పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత ఆమె రెండు గీతల పటాన్ని గోడ మీద వేసి చూపించింది. పాత ఎలుగుబంట్లే అని మచ్చల ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపించింది. బయటి నుంచి తెచ్చి వదిలారన్న మాట అక్కడితో సగం చల్లారింది.

అధికారి ఓపికగా విన్నాడు. చివరికి తనకు పైకి రాయడానికి రెండే కావాలన్నాడు. మొత్తం ఎన్ని ఉన్నాయి, రామక్కను కొట్టింది ఏది.

"ఎన్ని ఉన్నాయో ఇంత నుంచి ఇంత లోపల అని చెప్పగలను సార్. ఒక్క అంకె చెబితే అది అబద్ధమవుతుంది," అంది హరిత. "ఏది కొట్టిందో చెప్పలేను. ఆ దారిలో తిరిగేవి ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. వాటిలో పిల్లలున్న తల్లి ఒకటి. అదే అయి ఉండొచ్చు. అయి ఉండొచ్చు అన్న మాట మీద దాన్ని పట్టుకుపొమ్మని నేను రాయను."

వరండాలో గొడవ మొదలైంది. అధికారి చేయెత్తి ఆపి, తల్లి ఎలుగుబంటి ఫోటో తీసుకుని ముందు వరుసలో ఉన్న రామక్క దగ్గరికి నడిచాడు. ఆ ఫోటోలో పిల్లలు రెండూ దాని వీపు మీద ఉన్నాయి. ఇదేనా అని అడిగాడు. గదిలో అందరూ ఆమె వైపే చూస్తున్నారు. ఆమె ఊ అంటే చాలు.

రామక్క ఫోటోను చేతిలోకి తీసుకుని, ఉన్న కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇదే అయినా అయితాది సార్, కాకపోయినా కాకపోతాది. చీకట్లో నాకేం కనపడ్తాది," అంది. "ఇది గాకపోతే ఇంగోటి వస్తాది. ఆ దావ వాటిదే గదా. ఆ పొద్దు నేను యేమిటికి పోతినో అది రాసుకోండి ముందు. ఈ పాప ఒకతే అది అడిగింది నన్ను."

ఫోటోను తిరిగి ఇచ్చేసి, వెనక్కి తిరిగి ఇంజనీరును చూసింది. "కరెంటు సారు మీరే గదా? తెల్లారినంక ఇస్తే మీకేం పోతాది చెప్పండి."

ఇంజనీరు లేచి నిలబడ్డాడు. లైను మీద భారం, పంపకాలు, పై ఆఫీసు అనుమతి అని ఏదో చెప్పబోయాడు. వరండాలో గొడవ చేసినవాళ్ళంతా ఇప్పుడు ఆయన వైపు తిరిగారు. ఎలుగుబంటి మాట ఎవరూ ఎత్తలేదు.

ఏం జరిగింది

వెంటనే ఏమీ జరగలేదు. మీటింగులతో లోకం మారుతుందని నేను మీకు చెప్పను. అధికారి బోను ఆలోచన పక్కన పెట్టి, కరెంటు వేళల గురించి పైకి రాశాడు. అందుకు ఆయనకు ఇప్పటికీ కృతజ్ఞురాలిని. హరిత ఆ రెండు గీతల పటం పట్టుకుని ఆఫీసు తర్వాత ఆఫీసు తిరిగింది. కొన్నిచోట్ల నేనూ వెళ్ళాను. ఊరివాళ్ళూ వచ్చారు. చివరికి గుట్ట కింది పల్లెలకు పోయే లైను వరకు, పొద్దు పొడిచాక కరెంటు ఇవ్వడానికి ఒప్పుకున్నారు.

హరిత పదవీకాలం పొడిగించలేదు. నేను అధిపతి గదికి వెళ్ళి అడిగాను, రాసి ఇచ్చాను, మళ్ళీ అడిగాను. నిబంధనలు చూపించాడు. ఆయన నిబంధన తప్పలేదు. కానీ తలచుకుంటే చేయగలిగేవాడని మా ఇద్దరికీ తెలుసు. నిజం చెప్పినవాళ్ళకు పరిశోధన లోకం ఎప్పుడూ పూలదండ వేస్తుందని మిమ్మల్ని ఎవరైనా నమ్మిస్తే నమ్మకండి. హరిత కొన్ని నెలలు తెనాలిలో ఖాళీగా ఉంది. ఆ రోజుల్లో ఫోన్ చేసినప్పుడు ఆమె గొంతు విని నాకు నిద్ర పట్టేది కాదు.

తర్వాత వేరే రాష్ట్రంలో ఒక విశ్వవిద్యాలయం ఆమెను తీసుకుంది. ఇంటర్వ్యూలో వాళ్ళు ఎక్కువసేపు అడిగింది ఆ పారేసిన ఫోటోల గురించేనట. కాబట్టి ఇంకో మాట కూడా నమ్మకంగా చెబుతాను. సరిగ్గా చేసిన పని ఆలస్యంగానైనా తనను గుర్తుపట్టేవాళ్ళ దగ్గరికి చేరుతుంది. నేను పోస్ట్‌డాక్‌లుగా తీసుకున్నవాళ్ళలో అందరికీ ఉద్యోగాలు రాలేదు. కొందరు వేరే దారిన పోయారు, బాగానే ఉన్నారు. కానీ లెక్కను లెక్కలా చెప్పినవాళ్ళెవరూ నా ముందు తల దించుకోలేదు. ఈ వృత్తిని ఎంచుకోమని మీకు చెప్పడానికి నాకు అది చాలు.

కొత్త ఉద్యోగం వచ్చాక కూడా హరిత దారుల్లోని కెమెరాలను ఇంకో ఏడాది ఉంచడానికి అనుమతి తెచ్చుకుంది. కరెంటు వేళ మారినంత మాత్రాన ప్రమాదం తగ్గిందని అనుకోకూడదు, చూడాలి కదా మేడం అంది. సెలవుల్లో వచ్చి ఫోటోలు తీసుకుని నేరుగా హిందూపురం మా ఇంటికే వచ్చింది. వంటింట్లో బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని ఇద్దరం చూశాం. ముందు గడియారాలు సరిచూశాం.

తెల్లవారకముందు తీసినవి అన్నీ బూడిదరంగు ఫోటోలు. తల్లి ఎలుగుబంటి కనిపించింది. ఈసారి పిల్లలు వీపు మీద లేవు, పక్కన నడుస్తున్నాయి, దాదాపు దాని ఎత్తు. ముళ్ళపంది. కుందేలు. ఇంకో ఎలుగుబంటి. మనుషులు లేరు. ఒక్క ఏడాది చూసి ఏదీ రుజువైందనకూడదని మాకు తెలుసు. చూస్తూ పోయాం.

ఫోటోలకు రంగు వచ్చింది. దారి ఎర్రగా, కంపచెట్లు పచ్చగా. ఇంకా చాలా ఫోటోలు దాటాక రామక్క నడిచి వచ్చింది. భుజాన పార, తల మీద తువ్వాలు. ఆ దారిలో పోయేటప్పుడు ఆమె చుట్టూ చూసుకుంటూ పోతుందేమో అనుకున్నాను. అలా ఏం లేదు. పొద్దు నడినెత్తికి దగ్గరగా ఉంది. ఆమె నీడ ఆమె కాళ్ళ దగ్గరే ఉంది.